రసమట్టంలో నిలవని బుడగ

పోయిన వారం మనం కంగిర్లుక్ ఊరిని విడిచి వచ్చేసరికి వెర్నా ప్రిష్‌లాక్ చెయ్యకూడని పని ఒకటి చేసి కూర్చుంది. పద్నాలుగేళ్ళుగా తన వెంట ఊరూరా తిరిగి షాపుల్లో అరలు బిగిస్తున్న వడ్రంగి క్లీటస్ పెనీని నలుగురి ముందూ నిలబెట్టి, నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకొకరిని పిలిపించుకుంటాను అనేసింది. క్లీటస్ చేతిలోని రసమట్టాన్ని కౌంటరు మీద పెట్టి, గ్లోవ్సు తొడుక్కుని హోటలుకి వెళ్ళిపోయాడు. ఆ కోపంలోనే ఆమె విన్నిపెగ్‌లో ఉన్న పై అధికారి గార్త్‌కి ఫోన్ చేసింది. గార్త్ ముందూ వెనకా చూడకుండా, బుధవారం విమానంలో అతన్ని పంపించెయ్, పని చెడగొట్టాడని రిపోర్టు రాసి సంతకం పెట్టి పంపు అన్నాడు. ఆ రిపోర్టు వెళ్ళిందంటే యాభై ఎనిమిదేళ్ళ క్లీటస్‌ని ఈ ఉత్తరాది మంచు ఊళ్ళలో ఇంకెవరూ పనిలో పెట్టుకోరు.

ఇవాళే ఆ బుధవారం. విమానం రెండు గంటలకి. రిపోర్టు రాయడమైతే అయింది గానీ, దాని మీద సంతకం ఇంకా పడలేదు.

ఎందుకు పడలేదో చెప్పాలంటే నిన్న సాయంత్రం సంగతి చెప్పాలి. క్లీటస్ వెళ్ళిపోయాక నాలుగో వరస అరల్ని వెర్నా తన చేత్తోనే సరిచేసింది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ఇనుప కాలు కింద సన్నటి చెక్క బిళ్ళ దూర్చి, పైన రసమట్టం పెట్టి చూసుకుంది. దాని గాజులోని బుడగ రెండు గీతల మధ్య కుదురుగా నిలబడింది. ఒకటికి మూడుసార్లు చూసింది. చూశావా, ఇంతే పని, అని అక్కడ లేని క్లీటస్‌కి వినిపించేలా పైకే అంది. ఈ పొద్దున ఏడింటికి తాళం తీసి, కోటైనా విప్పకుండా అదే వరస మీద అదే రసమట్టం పెట్టింది. బుడగ గీత దాటి ఒక చివరకి పోయి అంటుకుని ఉంది.

ఆమెకి మొదట కోపమే వచ్చింది. ఎవరో వచ్చి కదిపి ఉంటారనుకుంది. తాళం చెవి తన జేబులోనే ఉందన్న సంగతి గుర్తొచ్చాక ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తోచలేదు. మూడో వరస చూసింది, ఏడో వరస చూసింది. అన్నీ ఒకే మూలకి ఒరుగుతున్నాయి. ఆ మూలనే ఆరు పెద్ద ఫ్రిజ్‌లు గోడకి వరసగా ఉన్నాయి. వాటిలో రెండింటి తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. మూసింది. మళ్ళీ తెరుచుకున్నాయి. ఇంకోసారి మూసి చేత్తో నొక్కి పట్టుకుంది, చెయ్యి తీస్తే ఏమవుతుందో తెలిసినా కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

ఆ తర్వాత ఒక గంటసేపు ఆమె కాలుగాలిన పిల్లిలా షాపంతా తిరిగింది. అటు చివర కౌంటరు దాకా వెళ్ళడం, ఇటు చివర ఫ్రిజ్‌ల దాకా రావడం, మధ్యలో వంగి ఏదో ఒక కాలు కింద బిళ్ళ తొయ్యడం, తోసిన బిళ్ళనే మళ్ళీ లాగెయ్యడం. ఇరవై ఏళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. రోడ్డు లేని ఊళ్ళు, ఏడాదికొకసారి ఓడ వచ్చే ఊళ్ళు, ఓడలో ఒక మేకు తక్కువ వస్తే మళ్ళీ ఏడాది దాకా ఆ మేకు దొరకని ఊళ్ళు. అలాంటి చోట్ల ఖాళీ గోడల మధ్య షాపు నిలబెట్టి, తెరిచే రోజు నాటికి తాళం అప్పగించి రావడం. ఇంతవరకూ ఒక్క తేదీ కూడా తప్పలేదన్న గర్వం ఆమెకి కొంచెం ఎక్కువే ఉంది. ఈ షాపు శనివారం తెరవాలి.

ఎనిమిదింటికి ఎలీసపీ వచ్చింది. శనివారం నుంచి ఈ షాపుకి మేనేజరు ఆమే. పుట్టింది, పెరిగింది ఈ ఊళ్ళోనే. ఫ్లాస్కులో టీ, గుడ్డలో చుట్టిన వేడి బానక్ రొట్టె కౌంటరు మీద పెట్టి, వెర్నా తిరుగుడంతా కాసేపు చూసింది. చూసి, నేల వంగిందేమో అంది మెల్లగా. వెర్నాకి ఒళ్ళు మండింది. కొత్తగా కట్టిన బిల్డింగు, ఏడాదైనా కాలేదు, నేలెలా వంగుతుందని గయ్యిమంది. ఎలీసపీ తలుపు పక్కకి చూసింది.

తలుపు పక్కన బోర్లించిన పెట్టె మీద ముసలి సిమియోనీ కూర్చుని టీ తాగుతున్నాడు. ఐదు వారాలుగా ఆయన రోజూ అక్కడే కూర్చుంటున్నాడు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. ఊళ్ళో ఇళ్ళు ఒరిగిపోకుండా వాటి కింద ఉండే ఇనుప జాకీలని ముప్పై ఏళ్ళపాటు తిప్పింది ఆయనే. ఎలీసపీకి ఆయన తల్లి పేరు పెట్టారు కాబట్టి ఆయన ఆమెని అమ్మా అని పిలుస్తాడు, ఆమె ఆయన్ని కొడుకా అంటుంది. కొత్తవాళ్ళెవరైనా నవ్వితే ఇద్దరూ కలిసి ఆ కొత్తవాళ్ళని చూసి నవ్వుతారు.

"మా కొడుకుని అడుగు," అంది ఎలీసపీ.

"రోజూ ఇక్కడే ఉంటాడుగా. ఏమైనా ఉంటే చెప్పేవాడే."

"అడగందే చెప్పడు. పెద్దదానివి, నీ పని నువ్వు చేసుకుంటున్నావు. మధ్యలో దూరి నువ్వు చేసేది తప్పు అంటే మా దగ్గర అది మర్యాద కాదు. నీకు తెలియనిదేం కాదిది, వెర్నా. ఇరవై ఏళ్ళ నుంచి వస్తున్నావు."

తెలుసు. వెర్నాకి అది బాగా తెలుసు. తెలిసి కూడా ఐదు వారాలు ఆ పెట్టె పక్కనుంచే నడిచిందంటే, అడిగితే ఏం చెప్తాడో అన్న భయం ఎక్కడో ఉండే ఉండాలి. ఆమె వెళ్ళి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నా అరలు ఎందుకు నిలబడటం లేదు అని అడిగింది.

సిమియోనీ టీ పూర్తిగా తాగాడు. కప్పు పక్కన పెట్టాడు. గ్లోవ్సు తొడుక్కుని, సుత్తి ఒకటి తీసుకుని బయటికి నడిచాడు. ఎలీసపీ వెంట వెళ్ళింది. వెర్నా టోపీ కూడా పెట్టుకోకుండా వాళ్ళ వెనకాల పరిగెత్తింది.

ఆ ఊళ్ళో ఏ ఇల్లూ నేలని తాకి ఉండదు. పైన జానెడు కంకర, దాని కింద ఎప్పటికీ కరగని మంచునేల. ఇళ్ళన్నీ నడుమెత్తున ఇనుప జాకీల మీద నిలబడి ఉంటాయి, కింద ఖాళీలోంచి గాలి ఇటునుంచి అటు దూసుకుపోతుంది. ఆ చలిగాలే నేలని గట్టిగా ఉంచుతుంది. కొత్త షాపు కింద మాత్రం ఆ ఖాళీ కనబడటం లేదు. చుట్టూ ప్లైవుడ్ పలకలు బిగించి ఉన్నాయి. అవి బిగించమని చెప్పింది వెర్నానే.

అప్పుడది మంచి తెలివైన ఆలోచనలాగే కనిపించింది. ఫ్రిజ్ మోటార్ల వేడిగాలిని బయటికి తోసే రేకు గొట్టం నక్షా ప్రకారం వెనక గోడలోంచి బయటికి రావాలి. కానీ ఈ ఊళ్ళో మంచు వెనక గోడకే వచ్చి పేరుకుంటుంది. గొట్టం పూడుకుపోయిన ప్రతిసారీ మోటార్లు ఆగిపోతాయి, మెకానిక్ విన్నిపెగ్ నుంచి రావాలి. అందుకని ఆమె గొట్టాన్ని కిందికి వంచి షాపు అడుగుకి తిప్పింది, లోపలికి మంచు రాకుండా చుట్టూ పలకలు కొట్టించింది. మోటార్లు ఆగవు, పైగా నేల కూడా వెచ్చగా ఉంటుంది, కౌంటరులో నిలబడే ఆడపిల్లల కాళ్ళు కొంకర్లు పోవు. విన్నవాళ్ళందరూ బాగుందన్నారు.

సిమియోనీ సుత్తి వెనక కొనతో మేకులు ఊడబీకి ఒక పలక పక్కకి లాగాడు. వెచ్చటి గాలి వచ్చి వెర్నా మొహానికి కొట్టింది. అక్టోబరు నెల, బయట సున్నాకి ఆరు డిగ్రీలు కింద, ఊరంతా కంకర గడ్డకట్టి బూట్ల కింద కరకరలాడుతోంది. ఆ పలక వెనక మాత్రం నేల చిత్తడిచిత్తడిగా ఉంది. మధ్యలో మడుగు కట్టింది. మడుగు మీద దోమ ఒకటి తిరుగుతోంది. ఆ నెలలో ఆ ఊళ్ళో దోమని చూసినవాళ్ళు ఎవరూ ఉండరు.

ముసలాయన టార్చి వేశాడు. మూలనున్న జాకీ కాలు, దాని కింది చెక్క దిమ్మతో సహా నాలుగు వేళ్ళ లోతు బురదలోకి దిగిపోయి ఉంది. దాని పక్కది రెండు వేళ్ళు. ఆయన టార్చిని ఇంకొంచెం పక్కకి తిప్పాడు. బయట తొట్టి నుంచి హీటరుకి నూనె తీసుకెళ్ళే సన్నటి రాగి గొట్టం అక్కడుంది. తొట్టి బయట గట్టి నేల మీద అలాగే నిలబడి ఉంది, బిల్డింగు దిగుతోంది, మధ్యలో ఆ గొట్టం బిగుసుకుపోయి గోడ దగ్గర మడత పడింది.

సిమియోనీ తన భాషలో ఏదో చెప్పాడు. ఎలీసపీ ముఖం పాలిపోయింది.

"ఇంకో రెండు మూడు రోజులు ఇలాగే దిగితే అది తెగుతుందంటున్నాడు. తెగి నూనె కారితే, పక్కనే హీటరు మంట ఉంది. ముందు తొట్టి దగ్గర నూనె ఆపెయ్యమంటున్నాడు."

ఎలీసపీ ఆగలేదు. చెప్తూనే వెళ్ళి తొట్టి వాల్వు తిప్పి మూసేసింది. వెర్నా మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఎప్పటినుంచి ఇలా అని అడిగింది, జవాబు తెలిసినా. గొట్టం తిప్పిన రోజు నుంచే అన్నాడాయన, ఈసారి ఇంగ్లీషులోనే. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. 

"చెప్పానుగా," అన్నాడు సిమియోనీ. అని, ముక్కు ముడిచాడు.

వెర్నాకి తల కొట్టేసినట్టయింది. ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం కళ్ళ ముందుకొచ్చింది. గొట్టం కిందికి దింపుతున్నారు. ముసలాయన వచ్చి నిలబడ్డాడు. ఆమె మాటవరసకి, ఏం బాబాయ్, ఇలా పెడితే ఫర్వాలేదా అని అడిగింది. ఆయన ముక్కు ముడిచాడు. ఆ ఊళ్ళో కనుబొమ్మలెత్తితే అవునని, ముక్కు ముడిస్తే కాదని, ఈ సంగతి అక్కడ నెల రోజులున్న ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది. వెర్నాకి ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఆయన ముక్కు ముడవడం ఆమె చూసింది. చూసి, చూడనట్టు అటు తిరిగిపోయింది. ఒడ్డున ఓడ నుంచి దిగిన సామాను ఎదురుచూస్తోంది, మెకానిక్కులకి మర్నాడే విమానం ఉంది, ఆగి ఎందుకని అడిగితే రోజంతా పోతుంది. చలికి మొహం అలా పెట్టాడులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఐదు వారాల తర్వాత ఆ సర్దుబాటు అబద్ధమని బయటపడింది. సిగ్గుతో ఆ బురదలోకే దిగిపోతే బాగుండుననిపించింది.

చెయ్యాల్సిన పనేమిటో ఆ తర్వాత నిమిషాల్లో తేలిపోయింది. మోటార్లు ఆపాలి. ఫ్రిజ్‌ల్లోని మాంసమూ చేపలూ బయట ఖాళీగా ఉన్న ఇనుప కంటైనరులోకి మార్చాలి, అక్కడ ఎలాగూ చలే. పలకలన్నీ పీకేసి గాలిని వెళ్ళనివ్వాలి. నేల మళ్ళీ గట్టిపడటానికి రెండు వారాలు పడుతుంది, అప్పుడు జాకీలు తిప్పి బిల్డింగుని పైకి లేపాలి. ఇక శనివారం తెరవడం కుదరదు. వెర్నా జీవితంలో మొదటిసారి తేదీ తప్పింది. చిత్రంగా, ఆ సంగతి ఆమెకి అంతగా నొప్పెట్టలేదు. నొప్పెట్టింది ఇంకోటి. నేలే కదులుతున్నప్పుడు అరలు ఎవరు బిగించినా నిలబడవు. క్లీటస్ నాలుగు రోజులుగా పొద్దున సరిచేసి, సాయంత్రం సరిచేసి, మర్నాడు మళ్ళీ సరిచేస్తూ, ఆమె చేత మాటలు పడుతూ వచ్చాడు.

ముగ్గురూ మోటార్లు ఆపి, మాంసమూ చేపలూ మోసి, పలకలు పీకేసరికి మధ్యాహ్నం దాటింది. ఎలీసపీ గడియారం చూసింది. ఒకటిన్నర కావస్తోంది.

"శనివారం తెరవట్లేదని రేడియోలో నేను చెప్తాను. ఊరువాళ్ళు నన్ను నాలుగు తిడతారు, పడతాను. క్లీటస్ సంగతి మాత్రం నువ్వే చెప్పాలి," అంది, నాలుగు చక్రాల బండి తాళం వెర్నా చేతిలో పెడుతూ.

విమానాల రేవు ఊరికి రెండు మైళ్ళు. దారి పొడుగునా వెర్నా గార్త్‌తో ఏమనాలో కూడబలుక్కుంది. గొట్టం విషయంలో చిన్న పొరపాటు జరిగింది అని మొదలుపెట్టింది. కాదనుకుంది. నేల పరిస్థితి మేమనుకున్నట్టు లేదు అనుకుంది. అది ఇంకా బాగుంది, అందులో అసలు మనిషే లేడు. ఒక్కో గుంట దాటుతున్నకొద్దీ ఒక్కో మాట మార్చింది. ఏ మాట చూసినా తప్పంతా తనంతట అదే జరిగిపోయినట్టుంది, ఎవరి చెయ్యీ పడనట్టుంది. ఇలాంటి రిపోర్టులు రాయడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. కంపెనీలో ఇరవై ఏళ్ళు ఊరికే నెగ్గుకురాలేదు.

రేవు అంటే ఒకటే గది. విమానమొచ్చే రోజు సగం ఊరు అక్కడే ఉంటుంది, ఎక్కేవాళ్ళు ముగ్గురైతే చూడ్డానికొచ్చేవాళ్ళు ముప్పైమంది. క్లీటస్ ఒక మూల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. న్యూఫౌండ్‌లాండ్ దీవివాడు, నోరు మూసుకుని ఉండలేని మనిషి, ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళని కూడా తల్లీ బంగారం అని పలకరిస్తాడు. పద్నాలుగేళ్ళలో వెర్నాని ఒక్కసారి పేరు పెట్టి పిలవలేదు, ఎప్పుడూ తల్లీ అనే.

"చెప్పండి వెర్నా గారూ," అన్నాడు లేవకుండా.

ఆ గారు ఆమెకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. గొట్టం, పలకలు, బురద, జాకీ కాలు. ముసలాయన ముక్కు ముడవడం, తను చూసి కూడా వెళ్ళిపోవడం. నీ తప్పు వెంట్రుకవాసి కూడా లేదు, వెనక్కి రా అంది. క్లీటస్ చివరిదాకా విన్నాడు. బురద సంగతి చెప్పినప్పుడు మాత్రం కళ్ళు మూసుకుని తల ఊపాడు. నాలుగు రోజులుగా తన చేతుల మీద తనకే అనుమానం పుట్టిందనీ, రాత్రిళ్ళు హోటల్లో మంచం మీద రసమట్టం పెట్టుకుని కళ్ళు సరిగ్గా కనబడుతున్నాయా లేదా అని చూసుకున్నాననీ చెప్పాడు. ముసలితనం వచ్చేసిందనుకున్నాను అన్నాడు. అతని గొంతు ఎప్పుడూ అలా పలకడం వెర్నా వినలేదు.

"గార్త్‌కి చెప్పావా?" అని అడిగాడు తర్వాత.

"ఇంకా లేదు. వెనక్కి వెళ్ళాక చెప్తాను."

"నన్ను నలుగురి ముందు అన్నావు కదా. ఇదీ నలుగురి ముందే చెప్పు. నేను విని, అప్పుడు లేస్తాను."

న్యాయమైన మాట. వెర్నా కౌంటరు దగ్గరికెళ్ళి ఫోన్ అడిగింది. ఆ గదిలో గుసగుసలకి చోటులేదు, లైను కూడా అంత బాగుండదు, గట్టిగా మాట్లాడాలి. మాట్లాడుకుంటున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు.

గార్త్ మొదట అర్థం కానట్టు విన్నాడు. అర్థమయ్యాక గొంతు తగ్గించాడు. ఆ గొంతు తగ్గించడం వెర్నాకి తెలుసు, అది ఆయన సాయం చెయ్యబోతున్నప్పటిది. శనివారం సంగతి తను పైవాళ్ళకి ఎలాగో చెప్పుకుంటానన్నాడు. చలి ముందుగా వచ్చిందనో, కాంట్రాక్టరు కంకర సరిగ్గా వెయ్యలేదనో అనొచ్చునన్నాడు.

"క్లీటస్ విమానం ఎక్కబోతున్నాడు కదా. ఎక్కనీ. అరల గొడవ వేరు, గొట్టం గొడవ వేరు, రెంటినీ కలపకు. నీకింకా ఆరేళ్ళ సర్వీసుంది వెర్నా. అతనికెంతుంది?"

ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే ఒక్క క్షణం కంటే ఎక్కువే, ఆ మాట ఆమెకి తియ్యగానే వినిపించింది. ఫోన్లో అవతలి మాట ఇక్కడెవరికీ వినబడదు. కంపెనీ ఒప్పుకోలేదు, నేనేం చెయ్యను అని క్లీటస్‌తో అంటే సరిపోతుంది, అతను నమ్ముతాడు కూడా. వెర్నా వెనక్కి తిరిగి చూసింది. క్లీటస్ ఆమెనే చూస్తున్నాడు.

"అరలు వంకర కాదు గార్త్. నేల వంకర," అంది గట్టిగా, గదంతా వినేలా. "నేలని వంకర చేసింది నేను. వద్దని చెప్పిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే చూడనట్టు వెళ్ళిపోయింది కూడా నేనే. ఎవరూ ఏమీ చెడగొట్టలేదు. రిపోర్టు రాయాలంటే నా పేరు రాసుకో. స్పెల్లింగు కావాలంటే చెప్తాను."

క్లీటస్ లేచాడు. తూకానికి పెట్టిన తన పనిముట్ల పెట్టెని కిందికి దించుకుని, తలుపు వైపు మోసుకెళ్ళి పెట్టాడు. ఎవరో ఒక ముసలావిడ అతనికి దారిచ్చి, వీపు మీద ఒకసారి తట్టింది. వెర్నా, ఇక ఉద్యోగం ఉన్నా లేకపోయినా ఇవాళ నిద్రపడుతుంది అనుకుంది.

ఫోన్లో గార్త్ అరుస్తాడని ఎదురుచూసింది. అరవలేదు. 

ఆ గొట్టం ఫొటోలు ఆగస్టులో నాకు పంపావు కదా అని అడిగాడు. పంపానంది. బాగుందనిపించిందన్నాడు. తసిర్జువాక్‌లో షాపు కడుతున్నవాళ్ళకి వాటిని పంపించి, మీరూ ఇలాగే పెట్టండని చెప్పానన్నాడు.

తసిర్జువాక్ అక్కడికి నూటయాభై మైళ్ళు. వెర్నా, అక్కడ ఇంకా తెరవలేదు కదా అంది. తెరిచి మూడు వారాలైందన్నాడు.

"పొద్దున తొమ్మిదింటికి అక్కడి మేనేజరు ఫోన్ చేసింది. ఫ్రిజ్ తలుపులు పడటం లేదంది. ఎవరితోనైనా కీళ్ళు బిగించుకోమన్నాను."

"ఇంకేమైనా చెప్పిందా? గార్త్, ఇంకేమైనా అందా?"

"లోపల నూనె వాసన వస్తోందంది. బయట ఎవరో బండి ఇంజను ఆపకుండా వదిలేసి ఉంటారు, తలుపులు వేసుకో అన్నాను."

వెర్నా లైను కట్ చేసింది. తసిర్జువాక్ షాపు నంబరు రెండుసార్లు తప్పు నొక్కి మూడోసారి సరిగ్గా నొక్కింది. చాలాసేపు మోగింది. చివరికి ఎవరో ఎత్తారు. నవ్వుతున్న ఆడగొంతు, వెనకాల బోలెడు మాటలు, ఎవరిదో దగ్గు. వెర్నా తన పేరూ కంపెనీ పేరూ చెప్పగానే అవతలామె అందుకుంది.

"వాసన గురించేనా? మీ వాళ్ళు చెప్పినట్టే తలుపులు కిటికీలు అన్నీ గట్టిగా మూసేశాం. అయినా తగ్గట్లేదు, ఎక్కువైంది. ఫర్వాలేదులెండి, బుధవారం కదా, ఊళ్ళో ముసలివాళ్ళందరూ వచ్చి కూర్చున్నారు, వాళ్ళకి టీ ఇస్తాం. ఒక్క నిమిషం ఉండండి, పొయ్యి వెలిగించి వస్తాను."

ఫోన్‌ని బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. వద్దు, వెలిగించొద్దు అని వెర్నా గొంతు చించుకుని అరిచింది. రేవులో ఉన్న ముప్పైమందీ విన్నారు. వినాల్సిన మనిషి అప్పటికే పొయ్యి వైపు నడుస్తోంది.